నలభై ఒకటో నంబరు కోటు

బజారులో కళ్ళజోళ్ళ షాపు నడిపే కళ్ళజోళ్ళాయనకు కోపం వస్తే ముందు తన జోడు తీసేస్తాడు. ఎదుటి మనిషి మసకగా కనిపిస్తే తిట్టడం తేలికని ఆయన సిద్ధాంతం. ఆ ఆదివారం పొద్దున్న కూడా జోడు తీసి పట్టుకుని, సోఫాలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న మసక ఆకారంతో అన్నాడు.

"బావా, ఆ ఉత్తరం ఇలా ఇవ్వు."

"ఇవ్వను."

"అది నాది. నేను రాసింది."

"రాసింది నువ్వే, కాదన్నానా? దొరికింది కోటు జేబులో. జేబులో దొరికింది కోటువాళ్ళదేనని మా నాన్న రూలు. కోటులో దొరికింది నీ కోటాలో ఎలా వేస్తాం?" అని బావ తన జోకుకు తనే తొడ చరుచుకున్నాడు.

ఈ బావ అనే పదార్థం గురించి ముందు నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. కళ్ళజోళ్ళాయన మేనత్త కొడుకు. ఆయన కంటే ఏడాది పెద్ద. పుట్టిందీ పెరిగిందీ పరాయి దేశంలో. తెలుగు మాట్లాడటంలో జలపాతం, చదవడంలో ఎడారి. 'అ' అక్షరం చూపించి ఇదేమిటంటే "చెవిలా ఉందే" అంటాడు. పది రోజులు ఉండి వెళ్దామని తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. వస్తూ వస్తూ ఒక పాత కవరు తెచ్చాడు. ఆ కవరులోనే ముప్పై నాలుగేళ్ళ నాటి ఉత్తరం ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరి ముందూ దాన్ని చదివిస్తానని దిగిన దగ్గర్నుంచీ ఊరిస్తున్నాడు.

ఇక ఆ ఉత్తరం కథ. ఈ కుటుంబంలో పుట్టినవాళ్ళకు పళ్ళు రాకముందే ఈ కథ వస్తుంది. బావ దాన్ని పెళ్ళి విందుల్లో చెప్పాడు, పుట్టినరోజుల్లో చెప్పాడు, రైలు ప్లాట్‌ఫారాల మీద చెప్పాడు. అపెండిసైటిస్ ఆపరేషనైన బంధువును పరామర్శించడానికి వెళ్ళి, ఆయన కుట్లు పిగిలేదాకా చెప్పాడు. కుటుంబమంతా కలిసి ముప్పై నాలుగేళ్ళుగా కళ్ళజోళ్ళాయనను ఉతికి ఆరేస్తున్నారు. సంగతి మొదలైందీ లాండ్రీలోనే కనుక ఆ మాట అన్నివిధాలా సరిపోతుంది.

పదహారో ఏట పరీక్షలు రాసి ఖాళీగా తిరుగుతున్న కొడుకును, వేసవి రెండు నెలలూ చెల్లెలి ఇంట్లో ఉండి రమ్మని తండ్రి విమానం ఎక్కించాడు. ఆ దేశంలో అత్తామామలకు లాండ్రీ ఉండేది. కింద లాండ్రీ, పైన ఇల్లు. కింద బట్టలకు ఆవిరి పడితే పైన మనుషులకు చెమట పట్టేది. మామయ్య చండశాసనుడు. ప్రతి బట్టకూ కాలరు లోపల నంబరు రాసిన గుడ్డపట్టీ కుట్టాలి. ఉతికే ముందు ప్రతి జేబూ బయటికి తిరగేయాలి. జేబులో ఏది దొరికినా, అది విరిగిన గుండీ అయినా సరే, కవరులో పెట్టి పైన నంబరు వేసి బట్టలతోపాటు తిరిగి ఇచ్చెయ్యాలి. ఇవ్వడానికి కుదరనిది రేకుడబ్బాలో దాచాలి. పారేయడమన్న మాట ఆయన నిఘంటువులో లేదు.

రోడ్డుకు అటువైపు మందుల షాపు. ఆ షాపావిడ వేసుకునే తెల్లకోటు వారానికి రెండుసార్లు ఉతుక్కి వచ్చేది. దాని నంబరు నలభై ఒకటి. మోసుకొచ్చేది ఆవిడ కూతురు. పదహారేళ్ళది. బొటనవేలికి ఎప్పుడూ ప్లాస్టరు పట్టీ ఉండేది. అట్టపెట్టెలు విప్పేటప్పుడు కోసుకునేదట. ఆ 'అట' కూడా ఆమె వేళ్ళతో అభినయించి చెబితే అర్థమైందే. ఆమె భాష ఇతనికి రాదు, ఇతని భాష ఆమెకు రాదు. కౌంటరు మీద రసీదు పుస్తకం ఒక్కటే ఇద్దరికీ తెలిసిన గ్రంథం. ఆమె రసీదు మీద నంబరు చూపించి తన భాషలో పలికేది, ఇతను అదే నంబరు తెలుగులో పలికేవాడు. 'ఇరవై' దగ్గర ఆమె నాలుక జారిపడేది. లేచి మళ్ళీ ఎక్కేది. ప్రేమకు భాష లేదంటారు, శుద్ధ అబద్ధం. ఉంది. సరిగ్గా యాభై మాటలు. రెండు నెలల్లో వాళ్ళు ఎక్కిన అంకెల మెట్లు అన్నే మరి.

తిరుగు ప్రయాణం పదకొండు రోజుల్లోకి వచ్చినప్పుడు కుర్రవాడు ఉత్తరం రాశాడు. తెలుగులో. ఆమె చదవలేదని తెలిసే రాశాడు, ధైర్యమంతా అక్కడినుంచే వచ్చింది. నాలుగు చిత్తులు రాసి, మూడు చింపి, నాలుగోది ఉతికి మడతపెట్టిన నలభై ఒకటో నంబరు కోటు జేబులో పెట్టాడు. ఆపైన వేరే ఇళ్ళకు బట్టలిచ్చి రావడానికి బయలుదేరాడు. ఈలోగా మామయ్య ఆ కోటును ఆఖరిసారి వెలుతురులో పట్టి చూశాడు. చేతి మడత దగ్గర టింక్చరు మరక. మరకను మరిచే మనిషి కాదు. కోటు మళ్ళీ ఉతుక్కి వెళ్ళింది, రూలు ప్రకారం జేబు మళ్ళీ బయటికి తిరిగింది. చూడండి మరి! ఊరు ఊరంతటికీ చదవడం రాని లిపిలో రాసి, ఆ ఊళ్ళో అది చదవగలిగిన ఒకే ఒక్క ఇంటి చేతికి తనే అప్పజెప్పాడు.

మామయ్యకు అప్పటికే చత్వారం. జోడు పెట్టుకుంటే ముసలాడంటారని పెట్టుకోడు. కాగితం దూరంగా పట్టాడు, ఇంకా దూరంగా పట్టాడు, చెయ్యి పొడవు అయిపోయింది. భార్యకిచ్చి "చదువు" అన్నాడు. అత్తయ్య చదివింది. ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి బావ విన్నాడు. విన్నది విన్నట్టుగా ఆ సాయంత్రమే మేనమామ కొడుక్కి ఒప్పజెప్పాడు. అప్పటినుంచీ లోకానికి ఒప్పజెబుతూనే ఉన్నాడు.

"ఓ నా తెల్లకోటూ! నీకోసం నా గుండె మెషిన్లో చొక్కాలా గిరగిర తిరుగుతోంది. నీ నవ్వుకు గంజి పెట్టు, నా గుండెకు ఇస్త్రీ పెట్టు. నువ్వు కాదంటే తీగ మీద తడి బనీనులా జీవితాంతం వేలాడతాను."

"నేనలా రాయలేదు!" అని కుర్రవాడు ఆనాడే మొత్తుకున్నాడు. "రాసినవాడెవడు ఒప్పుకున్నాడ్రా?" అని అందరూ నవ్వారు. ఇంకోసారి మొత్తుకుంటే ఇంకాస్త నవ్వారు. 'ఇస్త్రీ కవి' అని బిరుదు ఇచ్చారు. "ఇస్త్రీలోనే స్త్రీ ఉంది కదరా" అని బావ దానికి వ్యాఖ్యానం కూడా రాశాడు. పాతికేళ్ళొచ్చేసరికి కళ్ళజోళ్ళాయనకు అనుమానం పట్టుకుంది. నాలుగు చిత్తులు కదా, ఏ చిత్తులో ఏం రాశానో! నలభై దాటేసరికి నమ్మకం కుదిరింది. యాభైకి వచ్చేసరికి 'గంజి' అన్న మాట ఏ కలంతో రాశాడో కూడా గుర్తొచ్చేసింది.

"ఇదిగో, మంచిమాటగా చెబుతున్నా. నా ఇంట్లో ఆ ఉత్తరం చదవడానికి వీల్లేదు. ఇవాళ్టితో ఆ కథ ఆఖరు" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"లాండ్రీ అమ్మేశాం రా. డబ్బా ఖాళీ చేస్తుంటే నలభై ఒకటి అని నాన్న చేత్తో రాసిన కవరు. ఎన్నివేల మైళ్ళు మోసుకొచ్చాను! చదివించకపోతే నిద్రపడుతుందా?"

"చింపెయ్యరా దాన్ని" అంది అత్తయ్య, కిటికీ దగ్గర కుర్చీలోంచి.

ఆవిడకు డెబ్భై నాలుగు. ఆ కథ మొదలైనప్పుడల్లా ఆవిడ మంచినీళ్ళనో మందులనో వంకపెట్టి లేచిపోవడం అందరికీ అలవాటే. వినీ వినీ విసుగని అనుకునేవారు.

మధ్యాహ్నం కంచాలు పెట్టారు. కళ్ళజోళ్ళాయన, ఆయన భార్య, ఇరవై ఏళ్ళ కూతురు, అత్తయ్య, బావ. మొదటి ముద్ద ఇంకా నోట్లోకి వెళ్ళలేదు, బావ జేబులోంచి కవరు తీశాడు. కళ్ళజోళ్ళాయన బల్ల మీదుగా చెయ్యి చాచాడు. బావ కవరును తలపైకి ఎత్తిపట్టాడు. యాభై ఏళ్ళు వచ్చిన ఇద్దరు మగవాళ్ళు కూరగిన్నె మీద కాగితం కోసం ఎగురుతుంటే ఇంటావిడ గిన్నెను పక్కకు జరిపింది.

"చదవనివ్వండి. పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నాను. ఒకసారి అసలుది కళ్ళారా చూస్తాను" అంది.

"నువ్వు కూడానా!"

"మేనకోడలా, పట్టుకో. మీ నాన్న గొంతుతో చదవాలి. గుండెకు ఇస్త్రీ దగ్గర బాగా సాగదీయాలి" అని బావ కవరు ఆ పిల్ల చేతికిచ్చాడు.

పిల్ల గొంతు సవరించుకుని నాటకంలోలా మొదలుపెట్టింది. రెండో వాక్యానికే నాటకం పోయింది. మూడో వాక్యానికి గొంతు తగ్గింది.

"నలభై ఒకటీ, ఇరవై తొమ్మిదో తారీకున నేను వెళ్ళిపోవాలి. నాకు వెళ్ళాలని లేదు. మామయ్య ఒప్పుకుంటే ఇక్కడే ఉండి ఈ పని నేర్చుకుంటాను. ఒప్పుకోకపోయినా ఉంటాను. మా నాన్న కొడతాడు, కొట్టనీ. నువ్వు నాకు యాభై దాకా నేర్పావు, ఆ పైన నాకు లెక్క రాదు. నీ వేలికి దెబ్బ తగలకుండా పెట్టెలు నేను విప్పుతాను. ఇది నువ్వు చదవలేవు. నీకు చదవడం వచ్చేదాకా నేను ఆగుతాను."

ఎవరూ నవ్వలేదు. బావ ఒక్కడు అలవాటు కొద్దీ "హ" అని, రెండో "హ" తోడు రాక ఆగిపోయాడు.

"రెండో పేజీ ఏదీ?"

"ఇంతే మావయ్యా. వెనక ఖాళీ."

"గంజి ఏదీ? బనీను ఏదీ? నువ్వు తప్పు చదువుతున్నావు."

"అక్షరం ముక్క రాదు కదా నీకు, తప్పని ఎలా తెలిసింది?" అంది పిల్ల.

కళ్ళజోళ్ళాయన కాగితం లాక్కుని జోడు పెట్టుకున్నాడు. తన రాతే. 'డ'లకు తోక ఎక్కువ, ఇప్పటికీ అంతే. మొదటిసారి చదివాడు, రెండోసారి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. తలెత్తి, "అత్తా" అన్నాడు.

అత్తయ్య కంచంలోకే చూస్తోంది.

"అత్తా, నువ్వు ఏం చదివావు ఆ రోజు?"

"చూసిందల్లా చదివాను" అంది ఆవిడ. "ఎదురుగా ఇస్త్రీ పెట్టె ఉంది, ఇస్త్రీ అన్నాను. గంజి బకెట్టు ఉంది, గంజి అన్నాను. తీగ మీద బనీను ఉంది. నన్నేం చెయ్యమంటావురా! మీ మామయ్య ఎలాంటివాడో నీకు తెలియదా? నువ్వు ఎలా వచ్చావో అలాగే అప్పజెబుతానని మీ నాన్నకు మాటిచ్చాడు. 'ఒప్పుకోకపోయినా ఉంటాను' అన్న మాట ఆయన చెవిన పడితే ఆ సాయంత్రమే విమానం ఎక్కించేవాడు. అక్కడ మీ నాన్న బెల్టు పట్టుకుని నిలబడేవాడు. నవ్వినవాడు కొట్టడని నోటికొచ్చింది చదివాను. ఆయన పడీ పడీ నవ్వాడు. వీణ్ణి కౌంటరు దగ్గరికి రానివ్వకు, వెనక గదిలో ఇస్త్రీ చెయ్యనీ, అన్నాడు. అంతటితో పోయింది."

"పోయిందా? ఎవరికి పోయిందత్తా? ఆ రోజుకి సరే, నా వీపు కాపాడావు. దణ్ణం పెడతాను. మర్నాడు? మామయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ మర్నాడైనా చెప్పలేకపోయావా?"

"అప్పటికి అందరికీ ఇష్టమైపోయిందిరా ఆ కథ. నువ్వూ నవ్వేవాడివి."

"నవ్వకపోతే ఉడుక్కున్నాడంటారని నవ్వాను! ముప్పై నాలుగేళ్ళు! నేను రాయని రాతకు నేను సిగ్గుపడ్డాను. ఆ గంజి నేనే రాశానని నేనే నమ్మాను!"

ఇంటావిడ అతని చేతిలోంచి కాగితం తీసుకుని మెల్లగా చదువుకుంది. ఆవిడ కోపం వేరే రకం, అది చల్లగా వస్తుంది.

"పెళ్ళైన కొత్తలో నేను పుట్టింట్లో మూడు నెలలున్నాను. రోజూ పోస్టుకోసం చూశాను. మీరు ఒక్క ముక్క రాయలేదు. ఇరవై ఆరేళ్ళలో మీరు నాకు రాసిందల్లా కళ్ళజోడు చీటీ మీద ప్లస్ ఒకటిన్నర, మైనస్ ముప్పావు. ఈ చేత్తో ఇలా రాయగలిగినవాడు నాకెందుకు రాయలేదు?"

"రాస్తే... నవ్వుతావని."

ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి, దాని మీద మరక పడకుండా కూరగిన్నెను ఇంకాస్త దూరం జరిపింది. జోళ్ళు అమ్మే మనిషికి జోడీతో నాలుగు మాటలు రాసుకునే యోగం కూడా లేకుండా చేసింది ఆ గంజి. కళ్ళజోళ్ళాయన కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఇంతకు ముందు వచ్చిన కోపం అసలు కోపమే కాదని ఆయనకు అప్పుడు తెలిసింది.

బావ మాత్రం ఎక్కడో ఆలోచిస్తున్నాడు. జలపాతం సన్నబడి కుళాయి అయింది.

"అయితే ఒరేయ్... ఆ పిల్ల ఊరికే సరదాకి రాలేదన్నమాట."

"ఎవరు? ఎప్పుడు?"

"నిన్ను వెనక గదిలో పెట్టాక కౌంటరు దగ్గర నేనున్నాను కదా. కోటు లేకపోయినా వచ్చేది. వచ్చి తెలుగులో అంకెలు చెప్పేది. గట్టిగా. ఒకటి, రెండు, మూడు... నలభై ఒకటి దగ్గర ఆగి లోపలికి చూసేది. నేను చప్పట్లు కొట్టేవాణ్ణి. భలే చిలకలా ఉందే అనుకున్నానురా."

"ఎన్నిరోజులు?"

"నువ్వు వెళ్ళేదాకా. వెళ్ళాక కూడా ఓ రెండురోజులు."

వెనక గదిలో రెండు మెషిన్లు, ఒక ఆరబెట్టే డ్రమ్ము. పక్కన తుపాకీ పేలినా వినపడదు. పదకొండు రోజులు ఆ రొదలో చొక్కాల మీద తల వంచుకుని నిలబడిన పదహారేళ్ళవాణ్ణి కళ్ళజోళ్ళాయన చూశాడు. జోడు ఉన్నా మసకగానే కనిపించాడు.

"ఇంత కథ ఇన్నేళ్ళు, ఇన్ని ఊళ్ళలో చెప్పావే! ఈ ముక్క ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఇందులో జోకు లేదు కదరా" అన్నాడు బావ. అతను ఆ మాట నిజాయితీగానే అన్నాడు. అదే మరీ మండించింది.

"ఫోను తియ్యి."

"ఎందుకు?"

"ఎవరెవరికి చెప్పావో అందరికీ ఫోను చెయ్యి. అది అబద్ధమని చెప్పు. ఇప్పుడే. నీ నోటితో ఎక్కించావు, నీ నోటితోనే దించు."

"ఒరేయ్, ఎంతమందనిరా! కనీసం అన్నం తిన్నాక..."

"ముప్పై నాలుగేళ్ళు నన్ను నంజుకు తిన్నారు కదా, ఆకలేస్తోందా ఇంకా? చిన్న బాబాయితో మొదలుపెట్టు. స్పీకర్లో పెట్టు."

చిన్న బాబాయి అంటే అత్తయ్యకు తమ్ముడు. ఆ కథకు వీరాభిమాని. బావ ఫోను కలిపి కంచం పక్కన పెట్టాడు.

"చిన్న మావయ్యా, నేను. అదే, ఆ ఇస్త్రీ ఉత్తరం ఉంది చూడు..."

అవతల నవ్వు మొదలైపోయింది. "తడి బనీను! ఒరేయ్, ఆగు ఆగు, మీ అత్తని పిలుస్తాను. ఇద్దరం కలిసి వింటాం."

"కాదు మావయ్యా, అదంతా ఉత్తదట. అసలు ఉత్తరం దొరికింది."

"ఇంకా ఉందా! చదువు చదువు!"

బావ దిక్కులు చూశాడు. చదవడం రాదు. కళ్ళజోళ్ళాయన ఫోను అందుకుని, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా తనే చదివాడు. అటువైపు కుక్కరు కూత వేసింది.

"ఇందులో నవ్వేది ఎక్కడరా?" అన్నాడు బాబాయి.

"నవ్వేది లేదు బాబాయ్."

"మరి నాకెందుకు చెబుతున్నావు? పాతదే బావుంది. దాన్ని పాడుచెయ్యకండిరా."

కళ్ళజోళ్ళాయన కాగితం ఫోను పక్కన పడేశాడు. ముప్పై నాలుగేళ్ళుగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారి గొంతు దగ్గరకు వచ్చి, తలుపులో ఇరుక్కున్న పెళ్ళివారిలా ఏ ఒక్కటీ బయటికి రాలేకపోయింది. అత్తయ్య చెయ్యి చాచి ఫోను తన ముందుకు లాక్కుంది.

"తమ్ముడూ, నేను అక్కని. ముందు ఆ పాత కథ ఊసు ఆపు. నువ్వు నవ్వింది నా అబద్ధానికి, వాడి ఉత్తరానికి కాదు. వాడు చదివింది నీకు అర్థం కాలేదు. మళ్ళీ చదువుతాను, నోరు మూసుకుని విను. ఆ రోజు చదవాల్సింది ఇదీ..."

కళ్ళు చికిలించి, కాగితాన్ని దూరంగా పట్టుకుని ఆవిడ మొదలుపెట్టింది. మూడో మాట దగ్గర తడబడితే మళ్ళీ మొదటినుంచి చదివింది. కళ్ళజోళ్ళాయన ఆవిడను క్షమించలేదు. క్షమించినట్టు ముఖం కూడా పెట్టలేదు. నిలబడి ప్రతి మాటా సరిగ్గా చదువుతోందో లేదో సరిచూసుకున్నాడు. చదవడం అయ్యాక బాబాయి ఫోను పెట్టేశాడు.

"ఇంకా ఎంతమందున్నారు అన్నయ్యగారూ?" అని ఇంటావిడ బావను అడిగింది, పెన్ను మూత తీసి పాత బిల్లు ఒకటి వెనక్కి తిప్పుతూ.

బావ వేళ్ళు మడిచాడు. రెండు చేతులూ చాలలేదు.

"పేర్లు చెప్పండి, రాస్తాను" అంది ఆవిడ. "ఆ ఆపరేషనాయనతో మొదలుపెట్టండి."